మోచేతుల కొలత

"ఎంత వెడల్పు?" అని అడిగాను.
ప్రెండె నా టేపు వైపు చూడలేదు.
రెండు మోచేతులూ గోడకి ఆనించి,
మధ్యలో చుబుకానికి చోటు వదిలి,
"ఇంత" అంది.

ఇదే గోడ దగ్గర మా తాతకి
ఇంకో కొలత చెప్పారట:
తుపాకి గొట్టం పట్టాలి,
మనిషి తల పట్టకూడదు.
బెత్తెడు వదిలాడు.
గోడ మాత్రం రెండు మూరల మందం.
అల్బేనియా కొండల్లో రాయి చవక.
భయం ఇంకా చవక.

మా లోయలో ఇళ్ళన్నీ అలాగే లేచాయి.
నది వైపు చూడాల్సిన ఇల్లు
పొరుగింటి వైపు చూసింది.
కింది అంతస్తుకి కిటికీయే లేదు,
చీకటి పడితే నిచ్చెన పైకి లాక్కునేవారు.
ఉయ్యాల ఏ దూలానికి కట్టాలో
గుండు దూసుకొచ్చే దారి చూసి తేల్చేవారు.
మేం మేస్త్రీలం.
ఎవరి పగలోనూ మాకు వాటా లేదు,
కూలి మాత్రం రెండు వైపులా తీసుకున్నాం.

ప్రెండె మొగుడు కోలె
ఈ గదిలో పదకొండేళ్ళున్నాడు.
చంపింది అతని చిన్నాన్న.
ఇతను గడప దాటితే లెక్క సరిపోతుంది.
సరిపోనివ్వకుండా బతకడమే అతని పని.
ప్రెండె చేను దున్నింది, మేకల్ని తోలింది,
సంతలో జున్ను అమ్మింది,
కూతుర్ని ఒంటిచేత్తో అత్తారింటికి పంపింది.
అతను ఆ బెత్తెడులోంచి
అక్రోటు చెట్టు ఎడమ సగం చూశాడు.
కుడి సగం
రోజూ రాత్రి ఆమె చెప్పేది.

మొన్న చలికాలం
రెండిళ్ళ పెద్దలూ కాఫీ తాగి రాజీ పడ్డారు.
కోలె అప్పటికి రెండేళ్ళ ముందే
మంచం మీద దగ్గుతూ పోయాడు.
రాజీ సంగతి గోడకి ఎవరూ చెప్పలేదు.
సమ్మెట వేస్తే
నా భుజాన్నే తిరగ్గొట్టింది.

మూడో రోజుకి మొదటి రాయి కదిలింది.
ఆ కంత లోపల వెడల్పు, బయటికి పోనుపోను ఇరుకు,
గరాటు బోర్లించినట్టు.
తుపాకి అటూ ఇటూ తిప్పడానికని మా నాన్న చెప్పాడు,
నా దగ్గర పని నేర్చిన కుర్రాళ్ళకి నేనూ అదే చెప్పాను.
మసి గీకితే, పక్క రాళ్ళ మీద
నున్నటి సున్నం. రెండు పూతలు.
తుపాకికి సున్నం దేనికి?
లోపలికొచ్చే ఆ కాస్త ఎండకి
మా తాత ఎవర్నీ అడక్కుండా చెయ్యందించాడా?
ఏమో.
బొచ్చెలో సున్నం మిగిలిందేమో.
మేస్త్రీలు మిగిలింది పారబోయరు.

అడుగు పలక నల్లగా మెరుస్తోంది,
చెంప ఆనీ ఆనీ జిడ్డు పట్టి.
తీసి చెత్తలో వేయబోతే
ప్రెండె నా చెయ్యి పట్టుకుంది.
కొత్త కిటికీలో ఎడమ వైపు పెట్టించుకుంది.
అది రెండంగుళాలు ఎత్తొచ్చింది.
మట్టం తప్పిందని నేను గొణిగాను,
ఆమె వినలేదు.

సాయంత్రం వచ్చి మోచేతులు ఆనించింది.
ఎడమది కొంచెం పైకి, కుడిది కొంచెం కిందికి.
చెట్టుని మొత్తంగా చూసింది, చాలాసేపు.
"కుడి కొమ్మ ఎండిపోయి ఎన్నేళ్ళయిందో.
కాయలతో వంగిపోయిందని చెప్పేదాన్ని" అంది.

నేను పనిముట్లు సర్దుకున్నాను.
రాత్రి చలి కదా, చెక్క రెక్కలు పెట్టనా అంటే
తలూపింది.
"గడియ?"
నది చప్పుడు లోపలికి వస్తోంది,
ఈ ఇంట్లోకి మొదటిసారి.
"చిన్నది" అంది,
చిటికెన వేలు చూపించి.